ఒకే బంతిలో కూర్చుని చదివిన వాక్యం

(కారంచేడులో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బైబిల్ స్కూల్లో ఉంటూ వాక్యం చదువుకున్న అనుభవం గురించి యువతకు నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని అడిగారు. ఈ సభలో అందరూ క్రైస్తవులు కారని మాకు తెలుసు. మన యానాదుల్లో, ఎరుకలలో, సుగాలీల్లో ఏటా అమ్మవారికి పొంగలి పెట్టే ఇళ్లు ఉన్నాయి. ఆదివారం మందిరానికి వెళ్లే ఇళ్లూ ఉన్నాయి. రెండూ ఒకే గడపలో ఉన్న కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి ఎవరినీ మతం మార్చుకోమని చెప్పడానికి మేము నిలబడలేదు. పవిత్రమని నమ్మిన పుస్తకాన్ని నలుగురితో కలిసి ఉంటూ చదివితే ఏమవుతుంది, ఆ చదువు మనిషిని ఎక్కడ పరీక్షిస్తుంది అన్నదే చెబుతాం. హాస్టల్లో పెరిగిన పిల్లలెవరికైనా ఇది అర్థమయ్యే విషయమే.

మేము అంటున్నది ఒక్కరి గురించి కాదు. ఇంటర్ అయ్యాక, టీచర్ ట్రైనింగ్‌కు వెళ్లకముందు, ఒక బైబిల్ స్కూల్లో ఒక ఏడాది కలిసి ఉన్న మన తెగల ఆడపిల్లలం కొందరం ఉన్నాం. తర్వాత ఒకరు నర్సు అయ్యారు, ఒకరు అంగన్‌వాడీలో చేరారు, ఒకరు పాస్టరుగారి భార్యగా సంఘంలో పనిచేస్తున్నారు, మేము పిల్లల హాస్టల్‌కు వచ్చాం. ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటాం. ఈ ప్రసంగం రాసే ముందు కూడా మాట్లాడుకున్నాం. అందుకే "మేము" అంటున్నాం.

ముందు ఆ జీవితం ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే బైబిల్ స్కూల్ అంటే చాలామంది పొద్దస్తమానం పాటలు, ప్రార్థనలే అనుకుంటారు. తెల్లవారుజామున గంట కొడతారు. ముఖం కడుక్కుని ఎవరి మూల వాళ్లు కూర్చుని ఒక అధ్యాయం చదువుకోవాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. తర్వాత అందరూ కలిసి ప్రార్థన. టిఫిన్ అయ్యాక పాత నిబంధన, కొత్త నిబంధన, ప్రసంగం చేసే పద్ధతి, సంఘ చరిత్ర పాఠాలు. మధ్యాహ్నం పని: నీళ్లు తోడటం, కూరలు తరగటం, గిన్నెలు తోమటం, ఆవరణ ఊడ్చటం. శనివారం సాయంత్రం దగ్గరి పల్లెలకు వెళ్లి పిల్లలకు కథలు చెప్పాలి. రాత్రి మళ్లీ కలిసి ప్రార్థన, దీపాలార్పటం.

చూశారా, చదువుకు ఎన్ని గంటలో పనికీ దాదాపు అన్ని గంటలే. కొత్తల్లో అది మాకు అర్థం కాలేదు. వాక్యం చదవటానికి వచ్చాం కదా, ఈ గిన్నెలేమిటి అనుకునేవాళ్లం. ఆ గిన్నెల దగ్గరే సగం పాఠం ఉందని తర్వాత తెలిసింది. ఆ సంగతికి వస్తాం.

మొదటి చిక్కు భాష. తెలుగు బైబిలు భాష మన ఇళ్లలో మాట్లాడుకునే భాష కాదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వారు తెలుగు నేర్చుకుని, మన పండితుల సాయంతో తర్జుమా మొదలుపెట్టారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. బైబిలు మొత్తం తెలుగులో 1854లో వచ్చింది. అంటే మన చేతిలో ఉన్న పుస్తకం వెనుక పాత గ్రాంథికం ఉంది. యానాదులం తెలుగే మాట్లాడతాం గానీ ఆ తెలుగు వేరు. ఎరుకల వాళ్ల ఇంటి భాష తమిళానికి దగ్గరగా ఉండే భాష. సుగాలీల మాట రాజస్థాన్ వైపు మాటలకు దగ్గర. మా గదిలో ఈ మూడూ ఉండేవి.

అయితే పల్లె పనులు చేసి పెరిగిన మాకు ఆ పుస్తకంలో కొన్ని చోట్లు చదువుకున్నవాళ్ల కంటే ముందు అర్థమయ్యాయి. బాప్తిస్మమిచ్చే యోహాను, రాబోయేవాడి చేతిలో చేట ఉంటుందని చెప్పే చోటు వచ్చింది. టౌన్ నుంచి వచ్చిన అమ్మాయిలు చేటంటే బియ్యం చెరుగుకునేది అని మాత్రం చెప్పారు. మా గదిలో ఉన్న ఎరుకల అమ్మాయి లేచి, వాళ్ల అమ్మమ్మ చేట ఎలా అల్లుతుందో, గాలివాటం చూసుకుని గింజను ఎలా ఎగరేస్తే పొట్టు పక్కకు పోయి గింజ చేటలోనే పడుతుందో చేతులతో చేసి చూపించింది. చేట గింజను పారేయటానికి కాదు, గింజను నిలుపుకోవటానికి అని చెప్పింది. ఆ రోజు క్లాసు చెప్పింది ఆ అమ్మాయే.

ఇంకోసారి పేతురు, యాకోబు, యోహానుల కథ. రాత్రంతా శ్రమపడినా చేప పడలేదు, పొద్దున వలలు కడుక్కుంటున్నారు. కాలవల్లో, మడుగుల్లో చేపలు పట్టిన ఇళ్ల నుంచి వచ్చిన మాకు ఆ మాట ఊరికే దాటిపోలేదు. చేప పడని రాత్రి తర్వాత వల కడగటం ఎంత విసుగు పనో మాకు తెలుసు. ఆ వల మళ్లీ వేయమంటే మనసు ఒప్పుకోదు. ఆ విసుగు తెలిసినవాళ్లకే ఆ కథలో పేతురు ఎంత బరువు మోశాడో తెలుస్తుంది. మీకు మేము చెప్పేది ఏమంటే, మన అమ్మమ్మల పనులు, మన పల్లె మాటలు చదువుకు అడ్డం కావు. చదువుకు అవి తాళంచెవులు. వాటిని హాస్టల్ గేటు బయట వదిలి రానక్కర్లేదు.

ఇప్పుడు గిన్నెల సంగతి.

ఆ స్కూల్లో గిన్నెలు తోమటానికి వంతులు ఉండేవి. మొదటి నెల బాగానే నడిచింది. తర్వాత ఒకరికి జ్వరం, ఒకరికి పరీక్ష, ఒకరికి చేతులు పాడవుతాయని భయం. వంతులు మారుతూ మారుతూ చివరకు పెద్ద గిన్నెలన్నీ రోజూ మా నలుగురి దగ్గరికే వచ్చాయి. నలుగురం ఎస్టీలమే. "మీకు అలవాటే కదా" అని ఒకరు నవ్వుతూ అన్నారు. గిన్నెలు తోమి వచ్చేసరికి బంతి లేచిపోయేది, అడుగంటిన కూర మిగిలేది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. కులం పేరు ఎవరి నోటా రాలేదు. అయినా ఒకే పుస్తకం చదువుతున్న ఇంట్లో రెండు బంతులు ఏర్పడ్డాయి.

ఆ నెలలో పాఠం కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరం, పదకొండో అధ్యాయం. అక్కడి సంఘంలో ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేస్తారు, కూలి చేసుకుని ఆలస్యంగా వచ్చే లేనివాళ్లు ఆకలితో ఉంటారు. ప్రభువు బల్ల పేరు చెప్పి చేరి, ఒకరు తాగి మత్తెక్కి, ఒకరు కడుపు మాడ్చుకుని కూర్చుంటే అది ప్రభువు భోజనమే కాదని పౌలు మందలిస్తాడు. ఒకరి కోసం ఒకరు ఆగండని చెప్పి ముగిస్తాడు. పాఠం చెప్పే పెద్దమ్మగారు పుస్తకం మూసి ఒకే ఒక ప్రశ్న అడిగారు: "నిన్న రాత్రి మన మెస్సులో ఆఖరున తిన్నది ఎవరు?"

క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ పేర్లు అడగలేదు, ఎవరినీ లేపి నిలబెట్టలేదు. మర్నాడు వంతుల పట్టిక గోడ మీదికి వచ్చింది, అందులో ఆవిడ పేరు కూడా ఉంది. అందరూ వచ్చేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదని నియమం వచ్చింది. అంతటితో అందరి మనసులూ మారిపోయాయని చెప్తే అది అబద్ధం. ఇద్దరు అమ్మాయిలు కొన్నాళ్లు కంచాలు గదికి తీసుకెళ్లి తిన్నారు. వాళ్లలో ఒకరు నెల తిరిగేసరికి బంతిలోకి వచ్చారు, మాతో కలిసి గిన్నెలు తోమారు, ఇవాళ్టికీ మా స్నేహితురాలే. ఇంకొకరు ఏడాది చివరిదాకా రాలేదు. వాక్యం ఎవరి మెడా వంచదు. అడగాల్సిన ప్రశ్న అడుగుతుంది, జవాబు మనం చెప్పుకోవాలి.

అప్పటి నుంచి బైబిల్లో భోజనం దగ్గర తగాదాలు ఎన్ని ఉన్నాయో మాకు కనిపించటం మొదలైంది. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం చూడండి. యెరూషలేములో రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అందటం లేదని సణుగుడు పుట్టింది. భాష వేరైనవాళ్లకు అన్నం తగ్గింది! అప్పుడు అపొస్తలులు సర్దుకోండని చెప్పలేదు, ఏడుగురు మనుషులను ఆ పని మీద పెట్టారు. గలతీయుల ఉత్తరం రెండో అధ్యాయంలో, అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుంచి పెద్దమనుషులు రాగానే బంతి నుంచి లేచిపోతాడు. పౌలు అందరి ముందూ నిలదీస్తాడు. పేతురంతటివాడు తడబడింది కూడా కంచం దగ్గరే. ఈ మూడు చోట్లూ మన హాస్టళ్లలో, మన ఊళ్లలో జరిగేవే. పుస్తకం దాచలేదు, మనమూ దాచనక్కర్లేదు.

ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. జర్మనీలో డైట్రిచ్ బోన్‌హోఫర్ అనే పాస్టరు ఉండేవారు. హిట్లర్ ప్రభుత్వం చర్చిని తన గుప్పిట్లోకి తీసుకుంటున్నప్పుడు, దానికి లొంగని సంఘాల కోసం 1935లో ఫింకెన్‌వాల్డె అనే చోట ఆయన ఒక చిన్న బైబిల్ స్కూల్ నడిపారు. పాస్టర్లు కాబోయే యువకులు అక్కడ కలిసి ఉండేవారు. ఒకే వాక్యభాగాన్ని వారమంతా ప్రతి ఉదయం మౌనంగా ధ్యానించేవారు. అక్కడ ఒక నియమం ఉండేది: తోటివాడు ఎదురుగా లేనప్పుడు అతని గురించి మాట్లాడకూడదు, పొరపాటున మాట్లాడితే వెళ్లి అతనికే చెప్పాలి. హాస్టల్ జీవితం తెలిసిన మీకు ఆ నియమం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. మొదటి రోజుల్లో వంటింట్లో సాయానికి రమ్మంటే ఎవరూ లేవలేదట. బోన్‌హోఫర్ ఏమీ అనకుండా తానే లేచి వంటింట్లోకి వెళ్లారు. సిగ్గుపడి వెనకాలే వచ్చినవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆ స్కూలును 1937లో రహస్య పోలీసులు మూసేశారు. బోన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. హిట్లర్‌కు ఎదురు నిలబడిన మనిషి తన విద్యార్థులకు నేర్పిన మొదటి పాఠాల్లో గిన్నెల పాఠం ఒకటి.

మన తెలుగు నేల మీద చూద్దాం. డోర్నకల్‌లో సేవ చేసి 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషన్ల సభలో ఆయన ధైర్యంగా ఒక మాట చెప్పారు. విదేశీ మిషనరీలు ఎన్నో త్యాగాలు చేశారు, అందుకు కృతజ్ఞతలే, కానీ భారతీయ తోటి సేవకులను సాటి మనుషులుగా భోజనానికి కూడా పిలవని చోట్లున్నాయి, మాకు దాతలు కాదు స్నేహితులు కావాలి అన్నది ఆ ప్రసంగం సారం. ఆ మాట విన్న దొరలు కొందరు నొచ్చుకున్నారు. ఆయన వెనక్కి తీసుకోలేదు. ఇక్కడా భోజనమే.

ఇంకా దగ్గరికి, మన కోస్తాకు వద్దాం. ఒంగోలుకు దక్షిణంగా సముద్రం ఒడ్డున రామాయపట్నం ఉంది. అక్కడ బాప్టిస్టు మిషన్ వారు 1870ల్లో వేదపాఠశాల పెట్టారు. ఊరూరా తిరిగి బోధించే సేవకులు అక్కడ చదువుకున్నారు. పెళ్లయినవాళ్లు భార్యలతో వచ్చి ఆవరణలోనే కాపురం ఉండేవారు, భార్యలు కూడా అక్షరాలు నేర్చుకునేవారు. ఊరి బడిలో అడుగు పెట్టనివ్వని కులాల ఆడవాళ్లు ఆ రోజుల్లో పలక పట్టారంటే అది చిన్న విషయం కాదు.

తర్వాత 1876 నుంచి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించారు. బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. పలుగూ పారా దించి కూలీలు కాసేపు కూర్చున్నప్పుడు ఆ బోధకులు వాళ్ల పక్కన కూర్చుని వాక్యం చెప్పేవారు. బడిలో నేర్చుకున్న పాఠం మట్టి తట్టల మధ్యకు వచ్చింది. మరొక సంగతి గుర్తుపెట్టుకోండి. కరువు పని నడుస్తున్నంతకాలం ఎంతమంది అడిగినా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, నమ్మకం వాళ్లదే అయి ఉండాలని ఆగారు. కూలిపని ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య చాలామంది చెప్తారు. దాని ముందు ఆగిన నెలల గురించి కూడా చెప్పుకోవాలి.

ఎందుకంటే అలా ఆగని చరిత్ర కూడా మన ఇంటి పక్కనే ఉంది. బాపట్ల నుంచి చీరాలకు రైల్లో వెళ్తే స్టూవర్టుపురం స్టేషన్ వస్తుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది, 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టటమే నేరమన్నట్టు తెగలకు తెగలనే రిజిస్టర్లలోకి ఎక్కించారు. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఎరుకల కుటుంబాలను ఉంచటానికి స్టూవర్టుపురం ఏర్పడింది. కావలిలో బాప్టిస్టు మిషన్ అలాంటి సెటిల్‌మెంటే నడిపింది. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, వైద్యం చూశారు, అది నిజం. హాజరు వేయించుకోకుండా, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్నదీ నిజం. ఒకే ఆవరణలో ఒక చేతిలో బైబిలు, ఒక చేతిలో హాజరు పట్టీ.

అదీ వాక్యం చదివే సమాజమే, మేము ఉన్నదీ వాక్యం చదివే సమాజమే. తేడా ఏమిటి? మేము ఇష్టపడి వెళ్లాం, కాదనుకుంటే మర్నాడు బస్సెక్కి రావచ్చు. ఆ తాతలకు, అవ్వలకు ఆ అవకాశం లేదు. అయినా వాళ్లలో ఎంతోమంది ఆ పుస్తకాన్ని తమదిగా చేసుకున్నారు. నిర్గమకాండంలో ఇటుకల లెక్క చూపించలేక దెబ్బలు తిన్న ఇశ్రాయేలీయుల కథ హాజరు పట్టీ కింద బతికినవాళ్లకు ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. ఆ చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయినా ఆ ముద్ర పోలేదు. సినిమాల్లో ఆ ఊరి పేరు ఇంకా దొంగల పేరుగానే వాడుకుంటున్నారు. కాబట్టి తమ్ముళ్లూ, ఎవరైనా వాక్యం చేతిలో పట్టుకుని మిమ్మల్ని కిందికి చూస్తే, ఆ చూపును వాక్యం అనుకోవద్దు. రెంటినీ విడదీసి చూడటం మన పెద్దలు ఎంతో బాధపడి నేర్చుకున్న విద్య.

మనం కూర్చున్న ఈ ఊరి పేరు చెప్పకుండా వెళ్లిపోతే ఈ మాటలన్నీ అసంపూర్ణమే. 1985 జులైలో మేము చిన్నపిల్లలం. మీలో చాలామంది పుట్టలేదు. ఈ కారంచేడులో మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లకు వాడుకునే చెరువు దగ్గర పశువులను కడిగి నీళ్లు పాడుచేస్తున్నారని ఒకరు అడ్డు చెప్పారు. అతన్ని కొడుతుంటే, నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త అనే ఆడమనిషి అడ్డుపడింది. తన మీదికి వస్తే నీళ్ల బిందె ఎత్తి ఆపుకుంది. మర్నాడు, జులై 17న, ఊళ్లో బలమున్నవాళ్లు పల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు జరిగాయి. మిగిలినవాళ్లు చీరాల చేరి తలదాచుకున్నారు. చనిపోయినవాళ్ల పేర్లలో మోషే ఉంది. అడ్డుపడిన ఆవిడ పేరు సువార్త.

తల్లిదండ్రులు వాక్యం విని బిడ్డలకు పెట్టుకున్న పేర్లు అవి. బైబిల్ స్కూల్లో మేము సువార్త అంటే ఏమిటని వ్యాసాలు రాశాం. మంచి వార్త అని, రక్షణ వార్త అని రాశాం. ఇక్కడ ఆ పేరున్న మనిషి చేసింది ఏమిటి? మా నీళ్లు మాకు కావాలంది, కొడుతున్నవాళ్లకు అడ్డు నిలబడింది. మా వ్యాసాల కంటే ఆ బిందె వివరంగా చెప్పింది. ఆ ఘటన తర్వాత దళిత మహాసభ పుట్టింది, పెద్ద ఉద్యమం నడిచింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో రావటానికి వెనకున్న కారణాలు చెప్పేటప్పుడు కారంచేడు పేరు తప్పకుండా వస్తుంది. ఆ చట్టంలో ఎస్టీలం మనమూ ఉన్నాం. మాదిగపల్లె కార్చిన రక్తానికి వచ్చిన రక్షణలో మనకూ వాటా ఉంది. అది మరిచిపోయి, మేము వేరు, వాళ్లు వేరు అని బంతి విడిగా వేసుకుంటే మనం ఏ పుస్తకం చదివినా వృథా.

ఇక్కడ మీరు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందా అని. భయంతో దాచుకునేవాళ్లూ ఉన్నారు, భయపెట్టేవాళ్లూ ఉన్నారు. సూటిగా చెబుతాం. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. మతం మారినంత మాత్రాన తెగ హోదా పోదు, ఆ మనిషి ఇంకా ఆ తెగలోనే కొనసాగుతున్నాడా అన్నది చూడాలి అని 2004లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో చెప్పింది. ఎస్సీల సంగతి వేరు. వాళ్ల ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే వర్తిస్తుంది. అంటే ఒకే మందిరంలో ఒకే చాప మీద కూర్చున్న ఇద్దరిలో మనకు పోనిది మాదిగ తమ్ముడికి పోతోంది. ఈ సంగతి తెలిసినవాళ్లు గర్వపడరు, ఆ తమ్ముడి పక్కన ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చుంటారు. తెగలో కొనసాగటం అంటే మన భాష, మన చుట్టరికాలు, మన పెళ్లికీ చావుకీ మనం వెళ్లటం. వాక్యం చదివినవాళ్లు ఇవి వదిలేయాలని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మేము వినేవాళ్లం కాదు.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని చెబుతాం. మీలో బైబిల్ స్కూల్‌కు వెళ్లేవాళ్లు కొద్దిమందే ఉండవచ్చు. కానీ హాస్టల్లో, అద్దె గదుల్లో, కంపెనీ షెడ్లలో నలుగురు కలిసి ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు. మీది బైబిలే కావచ్చు, వేమన పద్యాలు కావచ్చు, అంబేడ్కర్ పుస్తకం కావచ్చు. వారానికి ఒక రాత్రి కలిసి చదవండి.

ఒకరు బిగ్గరగా రెండుసార్లు చదవాలి. సరిగా చదవలేనివాళ్లు ఉంటే వాళ్లకు వినటమే చదువు, నవ్వకూడదు. తర్వాత ఒక్కొక్కరు తమ ఇంటి మాటల్లో ఆ కథ తిరిగి చెప్పాలి. ఎరుకల మాటలో చెప్పండి, లంబాడీలో చెప్పండి, అర్థం కానివాళ్లకు పక్కవాళ్లు విప్పి చెబుతారు. టీచర్ ట్రైనింగ్‌లో మాకు నేర్పింది కూడా ఇదే. తన మాటల్లో చెప్పగలిగితేనే పిల్లకు పాఠం వచ్చినట్టు.

తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కథలో పని చేస్తున్నది ఎవరు? తింటున్నది ఎవరు? గుమ్మం బయట నిలబడ్డది ఎవరు? ఆ తర్వాత అవే మూడు ప్రశ్నలు మీ గదికి వేసుకోండి. గ్యాస్ బండ మోసేది ఎవరు, బాత్రూం కడిగేది ఎవరు, ఆడపిల్లలున్న ఇంట్లో అయితే ఆఖరున తినేది ఎవరు? అన్నలూ, ఇది మిమ్మల్నే అడుగుతున్నాం. ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకుని, ఇంటికొచ్చి కంచం తీయకుండా లేచిపోయే మగవాళ్లను మేము చాలామందిని చూశాం.

ఎదురుగా లేనివాళ్ల గురించి మాట్లాడకూడదన్న ఆ జర్మనీ నియమం ఒక్క వారం పెట్టుకుని చూడండి. ఎవరి మీదైనా కోపం ఉంటే పుస్తకం తెరిచేముందు వెళ్లి మాట్లాడండి. మీతో చదవటానికి ఇష్టం లేనివాళ్లను బలవంతం చేయకండి. హాజరు పట్టీ కింద చదివించిన రోజులు మన తెగలు చూశాయి, మళ్లీ వద్దు. కానీ తలుపు తెరిచి ఉంచండి, ఒక కంచం ఎక్కువ పెట్టండి.

మా హాస్టల్లో పిల్లలు ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకుంటారు. అది ప్రభుత్వ హాస్టల్, అలాగే ఉండాలి. కానీ బంతి ఒకటే. వంతుల పట్టిక గోడ మీద ఉంటుంది. అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముద్ద ఎత్తరు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడిగితే, చాలాకాలం కిందట చదువుకున్న ఒక ఉత్తరంలో ఉందని చెబుతాం. ఎవరికి రాశారు అంటారు. అన్నం దగ్గర తగాదా పడ్డవాళ్లకు అంటాం. అయితే మాకే రాశారు అని నవ్వుతారు.

  కాసేపట్లో భోజనాలు మొదలవుతాయి. వడ్డనకు మనుషులు తక్కువగా ఉన్నారని ఇందాక చెప్పారు, ముందు వరుసలో ఉన్న తమ్ముళ్లు లేవండి. జై భీమ్, జై ఆదివాసీ. ప్రభువు కృప మీకు తోడై ఉండుగాక.